దీర్ఘ శీతాకాలంలో ఇల్లు, కబురు

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను భూగోళపు ఉత్తర కొసన, ఏడాదిలో ఆరేడు నెలలు మంచులోనే గడిపే కుటుంబాల గురించి మాట్లాడతాను. ధ్రువప్రాంతం అనగానే మనం చదువుకున్న పుస్తకాల్లో కనిపించేవి అన్వేషకుల పేర్లు, జెండాలు పాతిన తేదీలు, మంచులో చిక్కుకుని నలిగిపోయిన ఓడల కథలు. అక్కడ పొద్దున్నే పిల్లలను నిద్రలేపి బడికి పంపే తల్లులు, ఇంటికి రావడం ఆలస్యమైతే ఫోన్ చేసి చెప్పే తండ్రులు, కాలు జారుతుందన్న భయంతో వారాల తరబడి గడప దాటని ముసలివాళ్లు ఉన్నారన్న సంగతి ఆ కథల్లో కనిపించదు. నా ఆసక్తి అంతా వాళ్ల మీదే. వాళ్ల జీవితం గురించి చదివిన కొద్దీ ఒక విషయం నాకు బలంగా అనిపించింది. అంత పొడవైన చలికాలంలో ఇంటికి కట్టెలు, పిండి, దీపపు నూనె ఎంత అవసరమో కబురు కూడా అంతే అవసరం. ఎవరు ఇల్లు చేరారు, ఎవరు చేరలేదు, నది మీద మంచు గట్టిపడిందా, రేపు విమానం దిగుతుందా, ఆసుపత్రిలో ఉన్న మనిషి ఎలా ఉన్నాడు అనే చిన్న చిన్న కబుర్ల ఆధారంగానే అక్కడి కుటుంబం రోజు గడుపుతుంది. ఆ కబురు ఎలా అందింది, ఎప్పుడు అందకుండా పోయింది, దాన్ని అందించే అధికారం ఎవరి చేతుల్లో ఉండేది అన్న ప్రశ్నలే ఈ ప్రసంగానికి విషయం.

ముందుగా అక్కడి చీకటి గురించి కొంత చెప్పాలి. భూమి అక్షం సుమారు 23.4 డిగ్రీలు ఒరిగి ఉండటం వల్ల ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన ఉన్న ఊళ్లలో నడి చలికాలంలో సూర్యుడు ఉదయించడు. నార్వేలోని ట్రోమ్సో పట్టణంలో నవంబర్ చివరి వారంలో కనుమరుగైన సూర్యుడు జనవరి మధ్య దాకా తిరిగి దిగంతం మీదికి రాడు. అలాస్కా ఉత్తర కొసన ఉన్న ఉట్కియాగ్‌విక్‌లో నవంబర్ 18 ప్రాంతంలో అస్తమించిన సూర్యుడు మళ్లీ కనిపించేది రెండు నెలలు దాటిన తరువాత, జనవరి 22 లేదా 23 నాటికి. అలాస్కాలోనే, వలయానికి కొంచెం దక్షిణంగా ఉన్న ఫెయిర్‌బ్యాంక్స్‌ పట్టణంలో సూర్యుడు రోజూ వస్తాడు కాని, డిసెంబర్ మూడో వారంలో అక్కడ పగలంటే 3 గంటల 40 నిమిషాలే. అయితే ఈ చీకటి కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి కాదు. ట్రోమ్సోలో మధ్యాహ్నం పూట దిగంతానికి కాస్త దిగువన ఉన్న సూర్యుడి వెలుగు ఆకాశం మీద నీలంగా, కొన్నాళ్లు గులాబీ రంగుగా రెండు మూడు గంటలు నిలుస్తుంది. నేల మీది మంచు ఆ కొద్ది వెలుగునే ఇబ్బడిముబ్బడిగా తిప్పి పంపుతుంది. ఇంకొక విశేషం కూడా ఉంది. నడి చలికాలపు పున్నమి చంద్రుడు ఆ అక్షాంశాల్లో కొన్ని రోజుల పాటు అస్తమించకుండా ఆకాశంలోనే తిరుగుతాడు. వేటకు, ప్రయాణానికి ఆ రోజులనే ఎంచుకోవడం పాతకాలపు అలవాటు.

ఈ చీకటిలో ఒక ఇంటి ఉదయం ఎలా ఉంటుందో చెప్పడానికి ఫెయిర్‌బ్యాంక్స్‌ను తీసుకుంటాను. సముద్రానికి దూరంగా, కొండల నడుమ పళ్లెంలా ఉన్న లోయలో ఉండటం వల్ల అక్కడ చలి తీవ్రత తీరప్రాంతాల కంటే ఎక్కువ. 1934 జనవరిలో అక్కడ మైనస్ 54 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. మైనస్ 40 డిగ్రీలు అక్కడి వారికి ఎరిగిన చలే. సెల్సియస్, ఫారెన్‌హీట్ కొలమానాలు రెండూ కలిసే అంకె అదే కాబట్టి, మైనస్ 40 అన్నప్పుడు ఏ కొలమానంలో అని అడగవలసిన పని ఉండదు. అంత చలిలో ఇంజిన్ నూనె చిక్కబడిపోతుంది, బ్యాటరీ శక్తి తగ్గిపోతుంది. అందుకే ప్రతి కారుకు ముందు భాగం నుంచి ఒక కరెంటు వైరు వేలాడుతూ ఉంటుంది. రాత్రంతా, లేదా కనీసం బయలుదేరడానికి కొన్ని గంటల ముందు నుంచి, దాన్ని ప్లగ్గులో పెట్టి ఇంజిన్‌ను వెచ్చగా ఉంచుతారు. కార్యాలయాల దగ్గర, దుకాణాల దగ్గర కార్లు నిలిపే చోట వరుసగా ప్లగ్గులు ఉంటాయి. నిలబెట్టిన కారు టైర్లు నేలకు ఆనిన వైపు చదునుగా బిగుసుకుపోయి, కదిలిన తరువాత కొంత దూరం దడదడమంటూ వెళతాయి. వాహనాల పొగలోని ఆవిరి గాలిలోనే గడ్డకట్టి మంచు పొగగా నిలిచిపోతుంది. పైన వెచ్చటి గాలి, కింద చల్లటి గాలి ఉండి గాలి కదలక ఆగిపోయే రోజుల్లో కట్టెల పొయ్యిల పొగ కూడా దానికి తోడవుతుంది. ఇంటిని వెచ్చగా ఉంచే పొయ్యే ఊరి గాలిని పాడుచేయడం ఆ పట్టణాన్ని చాలా ఏళ్లుగా వేధిస్తున్న సమస్య.

ఇంటి ముందు తలుపుకు, లోపలి తలుపుకు మధ్య ఒక చిన్న గది ఉంటుంది. బయటి చలి నేరుగా లోపలికి రాకుండా అడ్డుకునే ఆ గదిలోనే బూట్లు, మందపాటి కోట్లు, చేతి తొడుగులు ఉంటాయి. చిన్న పిల్లవాడిని బడికి తయారుచేయడం అంటే లోపలి ఉన్ని బట్టలు, వాటి మీద మంచు దుస్తులు, రెండు జతల మేజోళ్లు, చెవులు కప్పే టోపీ, మెడ చుట్టూ మఫ్లరు, చివరగా తొడుగులు. ఇదంతా పూర్తయ్యాక ఆ పిల్లవాడు మరుగుదొడ్డికి వెళ్లాలంటే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అయినా చలి పేరు చెప్పి పిల్లలను ఇంట్లో కట్టిపడేయరు. ఫెయిర్‌బ్యాంక్స్ బడుల్లో మైనస్ 20 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు మైనస్ 29 డిగ్రీల సెల్సియస్ వరకు పిల్లలు విరామ సమయంలో బయటే ఆడుకుంటారు. ఫిన్లాండ్, నార్వేలలో పసిపిల్లలను గట్టిగా చుట్టబెట్టి, బండిలో పడుకోబెట్టి ఆరుబయట పగటి నిద్ర పుచ్చడం మామూలు విషయం. మొదటిసారి వినేవారికి ఇది కఠినంగా తోచవచ్చు. నాకు మాత్రం ఇందులో చలి పట్ల వాళ్లకున్న స్పష్టమైన అవగాహన కనిపిస్తుంది. చలికి భయపడి తలుపు మూసుకుంటే ఆరేడు నెలలు మూసుకోవాలి. అలా పెరిగిన పిల్లవాడికి ఆరోగ్యమూ ఉండదు, ఊరితో చెలిమీ ఉండదు.

ఇదే చలి ఇంటిల్లిపాదికీ ఒక క్రమశిక్షణ నేర్పింది. ఎవరు బయటికి వెళ్లినా ఎక్కడికి, ఏ దారిలో, ఎప్పటికి తిరిగి వస్తారో చెప్పి వెళతారు. చేరగానే చేరామని కబురు పెడతారు. మంచు మైదానం మధ్య కారు ఆగిపోతే అది ప్రాణాపాయం. కార్లలో చలికి తట్టుకునే దుప్పట్లు, అదనపు తొడుగులు పెట్టుకోవడం ఎంత తప్పనిసరో, ఇంట్లో ఒకరికి మన దారి తెలిసి ఉండటం కూడా అంతే తప్పనిసరి. చెప్పిన వేళకు మనిషి రాకపోతే వెతకడానికి బయలుదేరవలసింది ఏ దిక్కుకో ఇంట్లో వాళ్లకు తెలియాలి కదా. వార్త అంటే మనం సాధారణంగా దూరంగా ఎక్కడో జరిగినదాన్ని తెలుసుకోవడం అనుకుంటాం. అక్కడ వార్తల్లో అన్నిటికంటే ముఖ్యమైనది మన ఇంటి మనిషి క్షేమంగా చేరాడన్న రెండు మాటలే.

కెనడాలోని నునావుట్‌లో ఈ సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1999 ఏప్రిల్ 1న ప్రత్యేక ప్రాంతంగా ఏర్పడిన నునావుట్‌లో 25 జనావాసాలు ఉన్నాయి. వాటిలో ఏ రెండింటినీ కలిపే రహదారి లేదు, దక్షిణ కెనడా నుంచి అక్కడికి వెళ్లే రహదారీ లేదు. బరువైన సరుకులు సముద్రం కరిగిన వేసవి నెలల్లో ఓడల మీద వస్తాయి. మిగతా ఏడాదంతా విమానమే దిక్కు. నేల లోపలి దాకా గడ్డకట్టి ఉండటం వల్ల చాలా ఊళ్లలో నీటి గొట్టాలు వేయడానికి వీలుపడదు. ట్యాంకరు వచ్చి ప్రతి ఇంటి తొట్టిలో నీళ్లు నింపి వెళుతుంది, మరొక ట్యాంకరు మురుగునీరు తీసుకుపోతుంది. మంచు తుపాను వీచిన రోజున ఆ రెండూ రావు. అప్పుడు ఇంట్లో ఎన్ని నీళ్లు ఉన్నాయో, ఎవరు ఎప్పుడు స్నానం చేయాలో ఇంటివారంతా లెక్క వేసుకోవాలి. ట్యాంకరు ఎప్పుడు కదులుతుంది, బడి ఉందా, విమానం దిగిందా అన్న సమాచారం ఊరి రేడియోలో వస్తుంది. ఆ రేడియోలో ఊరివాళ్లే ఫోన్ చేసి మాట్లాడతారు. తప్పిపోయిన తొడుగుల జత గురించి, పుట్టినరోజు శుభాకాంక్షల గురించి, వేట మాంసం పంచుతున్నామనీ వచ్చి తీసుకువెళ్లమనీ చెప్పడం గురించి గంటల తరబడి మాటలు సాగుతాయి. ఈ మాటలను తక్కువగా చూడకూడదని నా మనవి. ఆ ఊరి పరిపాలన, ఆ ఊరి చుట్టరికం రెండూ వాటి మీదే నడుస్తాయి.

ఇక ఈ కబురు చరిత్రలో ఎలా ప్రయాణించిందో చూద్దాం. 19వ శతాబ్దం చివరి దాకా ఉత్తర నార్వే తీరంలో చలికాలపు ప్రయాణం చాలా కష్టం. ట్రాండ్‌హైమ్ నుంచి హామర్‌ఫెస్ట్‌కు ఉత్తరం చేరడానికి వేసవిలో మూడు వారాలు, చలికాలంలో ఐదు నెలల దాకా పట్టేదని చెబుతారు. దీవులు, రాతి గుట్టలు, తుపానులు, దీపస్తంభాలు అంతగా లేని తీరం, వీటన్నిటి మధ్య చీకట్లో ఓడ నడపడానికి ఎవరూ సాహసించలేదు. రిచర్డ్ విత్ అనే నావికుడు తన సహచరుడు ఆండర్స్ హోల్టేతో కలిసి ఆ దారి పొడుగునా దిక్సూచి చూపిన దిశనూ, ఓడ వేగాన్నీ, గడియారం ప్రకారం పట్టిన కాలాన్నీ ఏళ్ల తరబడి రాసి పెట్టుకున్నాడు. కన్ను కానని చోట ఆ లెక్కలే దారి చూపుతాయన్నది ఆయన నమ్మకం. 1893 జూలై 2న ఆయన ఓడ ట్రాండ్‌హైమ్ నుంచి బయలుదేరింది. చలికాలంలో కూడా ఆగకుండా తీరం వెంట ప్రతి రేవుకూ ఉత్తరాలు, సరుకులు, మనుషులను చేర్చే ఆ సేవ నేటికీ సాగుతోంది. ఆ రోజుల్లో చేపలవేటకు లోఫోటెన్ దీవులకు వెళ్లిన మగవాళ్ల క్షేమం తెలియక నెలల పాటు ఎదురుచూసిన ఇళ్లకు, చలికాలంలోనూ రేవుకు వచ్చే ఆ ఓడ ఎంతటి ఊరట కలిగించి ఉంటుందో ఊహించవచ్చు.

అలాస్కాలో ఆ పని చేసినవి కుక్కల బళ్లు. చలికాలంలో నదులు గడ్డకట్టి దారులుగా మారేవి. ఆ దారుల వెంట ఒక రోజు ప్రయాణానికి ఒకటి చొప్పున బస ఇళ్లు వెలిశాయి. ఉత్తరాల సంచులు బండి నుంచి బండికి మారుతూ సాగేవి. 1925 జనవరిలో బేరింగ్ సముద్రపు ఒడ్డున ఉన్న నోమ్ పట్టణంలో పిల్లలకు డిఫ్తీరియా సోకినప్పుడు ప్రాణాలు నిలిపింది ఈ ఉత్తరాల దారే. ఊళ్లో ఉన్న ఒకే ఒక వైద్యుడు కర్టిస్ వెల్చ్ దగ్గర ఉన్న మందుకు గడువు తీరిపోయింది. సముద్రం గడ్డకట్టి ఓడలు ఆగిపోయాయి. ఆయన వైర్‌లెస్ టెలిగ్రామ్ ద్వారా సహాయం కోరాడు. యాంకరేజ్‌లో దొరికిన మందును రైలులో నెనానా దాకా తెచ్చి, అక్కడి నుంచి 20 మంది బండి తోలేవాళ్లు, సుమారు 150 కుక్కలతో వంతులవారీగా 674 మైళ్లు, అంటే 1,085 కిలోమీటర్లు దాటించి ఐదున్నర రోజుల్లో ఫిబ్రవరి 2 తెల్లవారుజామున నోమ్ చేర్చారు. ప్రపంచానికి గుర్తున్నవి చివరి వంతు నడిపిన గున్నర్ కాసెన్, ఆయన బండిని ముందుండి లాగిన కుక్క బాల్టో. అందరికంటే ప్రమాదకరమైన పొడవాటి వంతును లియోన్‌హార్డ్ సెప్పలా, ఆయన కుక్క టోగో నడిపిన సంగతి చాలా కాలం వెనకే ఉండిపోయింది. మిగిలిన వారిలో చాలామంది ఆ దారిలో ఏటా ఉత్తరాలు మోసిన వారు, వారిలో అలాస్కా ఆదివాసులు ఎక్కువ. పత్రికలకు అది వీరగాథగా కనిపించింది. నా దృష్టిలో అది రోజువారీ టపా వ్యవస్థ సాధించిన విజయం. ఆ దారి, ఆ బస ఇళ్లు, వంతు మార్చుకునే అలవాటు ముందే లేకపోతే ఎంతటి ధైర్యమూ ఆ పిల్లలను కాపాడలేకపోయేది. బేరింగ్ సముద్రంలోని సెయింట్ లారెన్స్ దీవిలో కుక్కల బండి మీద ఉత్తరాలు పంపే ఏర్పాటు 1963 దాకా సాగింది.

రేడియో వచ్చాక కబురు ఆకాశమార్గం పట్టింది. 1933లో కెనడా రేడియో ప్రసార సంఘం ‘నార్తర్న్ మెసెంజర్’ అనే కార్యక్రమం ప్రారంభించింది. ఉత్తరాన పనిచేసే పోలీసులకు, వర్తకులకు, నర్సులకు, మతబోధకులకు, ఉచ్చులు పన్ని జంతువులను పట్టేవారికి దక్షిణాన ఉన్న కుటుంబాలు పంపిన కబుర్లను చలికాలపు రాత్రుల్లో ప్రకటనకారుడు ఒకటొకటిగా చదివేవాడు. ఏడాదికి ఒకసారి ఓడలో ఉత్తరాలు వచ్చే చోట, బిడ్డ పుట్టిందనీ తల్లి కోలుకుందనీ అదే వారంలో తెలియడం ఆ మనుషులకు ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. అయితే ఆ కబురు ఒక్కరి చెవికే చేరదు. వందల మైళ్ల పరిధిలో రేడియో ఉన్న ప్రతి గుడిసెలోనూ వినిపిస్తుంది. అలా ఒకరి ఇంటి సంగతులు అందరికీ తెలిసేవి. అలాస్కాలోని నార్త్ పోల్ అనే ఊరి నుంచి 1967లో మొదలైన ఒక రేడియో కేంద్రం కూడా ఇదే తీరులో ‘ట్రాప్‌లైన్ చాటర్’ పేరిట అడవిలో ఉండేవారికి ఇంటి కబుర్లు చదువుతూ వచ్చింది.

ఇక్కడ ఒక బాధాకరమైన విషయం చెప్పక తప్పదు. 1933 నాటి ఆ కార్యక్రమం దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్లిన వారి కోసం, వారి భాషలో నడిచింది. తరతరాలుగా ఆ నేల మీద ఉన్న ఇన్యూట్ ఆదివాసి కుటుంబాల కబుర్లకు అందులో చోటు లేదు. ఆ లోటు ఎంత క్రూరంగా పరిణమించిందో 1950లలో తెలిసింది. అప్పుడు ఆర్కిటిక్‌లో క్షయవ్యాధి విపరీతంగా ప్రబలింది. ప్రభుత్వం ‘సి.డి. హౌ’ అనే ఓడను వేసవిలో ఊరూరికీ పంపి, జనాన్ని ఓడ ఎక్కించి ఎక్స్‌రే తీయించేది. వ్యాధి ఉన్నట్టు తేలినవారిలో చాలామందిని తిరిగి ఒడ్డుకు దిగనివ్వకుండా, పిల్లలకు, భార్యలకు చెప్పి రావడానికైనా అవకాశం ఇవ్వకుండా దక్షిణాన ఉన్న శానటోరియాలకు తీసుకుపోయారు. 1950ల మధ్య నాటికి ప్రతి ఏడుగురు ఇన్యూట్‌లలో సుమారు ఒకరు ఏదో ఒక దక్షిణాది ఆసుపత్రిలో ఉన్నారని అంచనా. పాలిచ్చే తల్లి వెళ్లిపోయింది, వేటాడి తెచ్చే తండ్రి వెళ్లిపోయాడు. ఓడ వెళ్లిన కొద్ది వారాలకే సముద్రం గడ్డకట్టేది. ఆ చలికాలమంతా, కొన్నిసార్లు ఏళ్ల తరబడి, ఇంట్లో మిగిలినవారికి ఏ కబురూ రాలేదు. ఆసుపత్రుల్లో చాలామంది కోలుకుని తిరిగి వచ్చారు. కాని కొందరు అక్కడే మరణించారు, అక్కడే ఖననమయ్యారు, ఇంటివారికి చెప్పేవారు లేకపోయారు. అధికారుల పుస్తకాల్లో పేర్లు తప్పుగా రాశారు, పేర్లకు బదులు ప్రభుత్వం ఇచ్చిన బిళ్ల మీది సంఖ్యలే ఉన్నాయి. ఆ తప్పుల వల్ల సమాధి ఎక్కడుందో కూడా తెలియకుండా పోయింది. 2019 మార్చి 8న కెనడా ప్రధానమంత్రి జస్టిన్ ట్రూడో నునావుట్ రాజధాని ఇకాలుయిట్‌లో ఇందుకు క్షమాపణ చెప్పారు. ఆప్తుల సమాధుల ఆచూకీ తెలుసుకోవడానికి ‘నానిలావుట్’ అనే పథకం అదే రోజు ప్రకటించారు. అరవై ఏళ్ల తరువాత, అప్పటి పసిపిల్లలు ముసలివాళ్లయ్యాక, తల్లి ఎక్కడ నిద్రిస్తోందో తెలిసింది. వైద్యం అవసరమే, దాని వల్ల ప్రాణాలు నిలిచిన మాటా నిజమే. మందుతో పాటు ఇంటికి ఒక కబురు పంపడం ఆ ఓడ నడిపినవారికి అసాధ్యమేమీ కాదు. దాన్ని అవసరంగా వాళ్లు లెక్కించలేదు. ఈ ప్రసంగానికి సిద్ధమవుతున్నప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలచివేసింది ఇదే.

ఈ నేపథ్యం తెలిస్తే నునావుట్‌లోని ఇగ్లూలిక్ ఊరివాళ్లు తీసుకున్న నిర్ణయం అర్థమవుతుంది. 1972 నవంబర్‌లో ‘అనిక్ ఎ1’ ఉపగ్రహాన్ని ప్రయోగించడంతో కెనడా ఉత్తర ప్రాంతమంతటా దూరదర్శన ప్రసారాలకు దారి ఏర్పడింది. చుట్టుపక్కల ఊళ్లన్నీ టీవీ పెట్టించుకున్నాయి. ఇగ్లూలిక్ ప్రజలు మాత్రం 1975లో ఒకసారి, 1979లో మరొకసారి ఓటు వేసి వద్దన్నారు. చీకటి నెలల్లో పెద్దలు కథలు చెప్పే వేళను, పిల్లలు ఇనుక్టిటుట్ భాష నేర్చుకునే వేళను ఆ పెట్టె మింగేస్తుందన్నది వారి భయం. 1981లో ఇన్యూట్ ప్రసార సంస్థ ఏర్పడి, తమ భాషలో, తమ మనుషులతో కార్యక్రమాలు తయారవడం మొదలైన తరువాత 1983లో వాళ్లు టీవీకి ఒప్పుకున్నారు. వాళ్లు కొత్తదనాన్ని వ్యతిరేకించారని అనడం సరికాదు. తమ ఇంట్లోకి వచ్చే వార్త ఎవరి నోట, ఏ భాషలో రావాలో తామే నిర్ణయించుకున్నారు. అంత చిన్న ఊరు అంత స్పష్టంగా ఆలోచించడం నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది.

ఆ ఊరి పెద్దలు కాపాడాలనుకున్న చీకటి వేళల గురించి కూడా చెబుతాను. ఆర్కిటిక్‌లో చాలా చోట్ల చలికాలంలో నారతో లేదా దారంతో వేళ్ల మధ్య రకరకాల బొమ్మలు అల్లే ఆట ఉంది. సూర్యుడు తిరిగి వచ్చాక ఆ ఆట ఆడకూడదని కొన్ని ప్రాంతాల్లో నియమం. దారాల్లో సూర్యుడి కాళ్లు చిక్కుకుంటాయని నమ్మకం. ఇగ్లూలిక్ ప్రాంతంలో సూర్యుడు మళ్లీ కనిపించినప్పుడు ఇళ్లలోని సీలు నూనె దీపాలన్నీ ఆర్పివేసి, కొత్తగా వెలిగించిన ఒక్క దీపం నుంచి అన్నిటినీ మళ్లీ వెలిగించే ఆచారం ఉండేది. ట్రోమ్సోలో కొండలు అడ్డుగా ఉండటం వల్ల ఊరివాళ్లకు సూర్యుడు కనిపించేది జనవరి 21 ప్రాంతంలో. ఆ రోజున ఇళ్లలో, బడుల్లో, కార్యాలయాల్లో లోపల జామ్ లేదా కస్టర్డు నింపిన తీపి బన్నులు తింటారు. స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగ్‌యియర్‌బైన్‌లో మార్చి 8న పాత ఆసుపత్రి మెట్ల మీద ఎండ పడే క్షణం కోసం పిల్లలూ పెద్దలూ గుమిగూడతారు. దక్షిణ నార్వేలోని ర్యూకాన్ పట్టణానికి వేరే కష్టం ఉంది. అక్కడ సూర్యుడు ఉదయిస్తాడు, కాని ఇరుకైన లోయ వల్ల దాదాపు ఆరు నెలలు ఊళ్లో ఎండ పడదు. 1928లో కార్మికుల కుటుంబాలు కొండ మీదికి వెళ్లి ఎండ కాచుకోవడానికి అక్కడి పరిశ్రమ తీగమార్గం కట్టించింది. 2013లో కొండ మీద మూడు పెద్ద అద్దాలు నిలిపి ఊరి కూడలిలోకి ఎండను తిప్పారు.

ఎండ కోసం ఇంత ఆరాటం ఊరికే పుట్టింది కాదు. ఉదయపు వెలుగు కంటికి సోకకపోతే శరీరంలోని గడియారం వెనకబడుతుంది, నిద్ర, ఆకలి, ఉత్సాహం గాడి తప్పుతాయి. చలికాలంలో వచ్చి వసంతంలో పోయే ఈ కుంగుబాటును 1984లో నార్మన్ రోజెంథాల్, ఆయన సహచరులు వైద్యపరంగా వివరించారు. ఉదయం అరగంట పాటు 10,000 లక్స్ వెలుగు ఇచ్చే దీపం ముందు కూర్చోవడం నేటికీ వాడుకలో ఉన్న చికిత్స. ఎండ లేక తగ్గే డి విటమిన్ కోసం నార్వే ఇళ్లలో కాడ్ చేప కాలేయపు నూనె తాగించడం తరతరాల అలవాటు. దీనికి మించి, రాత్రివేళ కూడా దీపాలు వెలిగే స్కీ దారుల్లో పిల్లలూ ముసలివాళ్లూ కలిసి తిరగడం, ఒంటరిగా ఉన్నవారి తలుపు తట్టి పలకరించి రావడం మనసుకు చేసే మేలు తక్కువది కాదు. పొరుగింటి దీపం రెండు రోజులుగా వెలగలేదన్న సంగతిని గమనించే మనిషి ఆ వీధికి చాలా ముఖ్యం.

ఇక చివరి విషయం మంచు కరగడం గురించి. అలాస్కాలోని నెనానాలో తానానా నది మంచు ఏ రోజు, ఏ నిమిషంలో కదులుతుందో చెప్పే పందెం 1917 నుంచి నడుస్తోంది. నది మధ్య నిలిపిన కర్ర కట్టడం కదిలినప్పుడు దానికి కట్టిన తీగ ఒడ్డున ఉన్న గడియారాన్ని ఆపుతుంది. మొదటి ఏడు రైలు మార్గం ఇంజనీర్లు 800 డాలర్లు పోగు చేసి ఆడారు. నది ఎప్పుడు తెరుచుకుంటుందో ముందుగా తెలియడం ఆ ఇళ్లకు పడవ, సరుకు, చేపల వేట అన్నిటికీ సంబంధించిన విషయం కాబట్టి ఆ పందెం ఇంటింటి చర్చగా మారింది. సరదాగా మొదలైన ఆ నమోదు ఇప్పుడు వాతావరణ శాస్త్రజ్ఞులకు వందేళ్ల దస్తావేజు. 2013లో మంచు మే 20 దాకా నిలిచింది. 2019లో ఏప్రిల్ 14నే కదిలిపోయింది. ఒక్కొక్క ఏడు ఒక్కొక్క రకంగా ఉన్నా, మొత్తం మీద మంచు అంతకంతకూ ముందుగానే కదులుతోంది.

ఇది ఆ కుటుంబాల దైనందిన జీవితాన్ని నేరుగా తాకుతోంది. సముద్రపు మంచు అక్కడ రహదారి, వేట నేల, చుట్టాల ఊరికి వంతెన. తాతలు రంగు చూసి, కర్రతో తట్టి చప్పుడు విని చెప్పిన లెక్కలు ఇప్పుడు కొన్నిసార్లు తప్పుతున్నాయి. 2009-10 చలికాలం అసాధారణంగా వెచ్చగా ఉండి కెనడా తూర్పు తీరాన లాబ్రడార్‌లోని నైన్ ప్రాంతంలో మంచు మీద ప్రయాణం చాలా ప్రమాదకరంగా మారిన తరువాత, ‘స్మార్ట్‌ఐస్’ అనే సమష్టి ప్రయత్నం రూపుదిద్దుకుంది. మంచు మీద నడిచే మోటారు బండి స్నోమొబైల్ వెనక కట్టిన సంప్రదాయ జారుడు బండిలో మందం కొలిచే పరికరాన్ని పెట్టి, ఊరివాళ్లే ఆ దారులన్నిటి మీదా తిరుగుతారు. ఎక్కడ మంచు పలచబడిందో, ఎక్కడ సురక్షితమో పటం రూపంలో తిరిగి ఊరికే అందిస్తారు. పరికరం చెప్పిన అంకెను పెద్దల అనుభవంతో సరిచూస్తారు, స్థలాల పేర్లు ఇనుక్టిటుట్‌లోనే ఉంటాయి. నునావుట్‌లోని పాండ్ ఇన్‌లెట్‌లో, నైన్‌లో ఉదయం వేటకు బయలుదేరే మనిషి ఆ పటం చూసుకుని, ఏ దారిన వెళుతున్నాడో ఇంట్లో చెప్పి మరీ కదులుతాడు. వార్త కోసం దక్షిణం వైపు చూడవలసి వచ్చిన ఆ ఊళ్లు ఇప్పుడు తమకు కావలసిన కబురును తామే కొలిచి, తామే రాసి, తమ పిల్లలకు తామే అందిస్తున్నాయి.

నాకు ఇచ్చిన సమయం పూర్తయింది. మీ ప్రశ్నలు అడగండి.